వీరగల్లు పక్కన కిష్టవ్వ

ఇప్పలపల్లె, లక్సెట్టిపేట మండలం
ఏప్రిల్ 14, 2025

చెల్లె ఆరాధనకు,

అన్న ఫిలిప్ వందనాలు. నువ్వూ బావా చిన్నది ఏంజెల్ బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూసినట్టు తెలుస్తుంది, జవాబు రాదు. మనల్ని కన్న అవ్వ పోయి వచ్చే నెలకు మూడేళ్లవుతుంది. ఈ మూడేళ్లలో నువ్వు నాతో అన్న మాట ఒక్కటే. అదీ పెద్దవ్వ కొడుకు పెళ్లిలో, "జర పక్కకు జరుగు" అని. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివాక చించేసినా సరే.

మన పై చెలకను చదును చేసి మడి కట్టాలని బాపు ఉన్నప్పటి నుంచీ అనుకుంటున్నదే. పోయిన వారం జేసీబీ పెట్టించాను. మొరం దిబ్బ గీకుతుంటే బకెట్ పళ్లకు ఏదో గట్టిగా తగిలి బండి ఊగిపోయింది. మట్టి తీసి చూస్తే చెక్కిన రాయి. దాని పక్కనే ఇంకోటి, కొంచెం అవతల విరిగిపోయినది మరొకటి. మొదటిదాని మీద ఒక మనిషి కత్తీ డాలూ పట్టుకొని నిలబడ్డాడు. కాళ్ల దగ్గర ఆవు ఉంది. అతన్నే ఇద్దరు ఆడవాళ్లు చెరోపక్క పట్టుకొని పైకి తీసుకుపోతున్నట్టు దానిపైన ఇంకో బొమ్మ. అన్నిటికన్నా పైన సూర్యుడూ చంద్రుడూ. రెండో రాయి చూసి వెనక్కి జరిగాను. దానిమీద మనిషి బొమ్మ లేదు. నిండా గాజులున్న ఒక చెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకెత్తి ఉంది, అంతే. మూడోదాని మీద కాళ్లు మాత్రం మిగిలాయి.

వాగులోకి తోసేద్దామన్నాడు డ్రైవరు. నేను ఒద్దన్నాను. పక్క పొలం బుచ్చిరాములు కాక వచ్చి చాలాసేపు చూసి, ఊరికే పారేసే రాళ్లు కావు, జాగ్రత్త అని చెప్పి పోయాడు.

నువ్వు అడగకముందే చెబుతున్నాను. అవ్వను పూడ్చిన చోటికి బండి పోలేదు. అవ్వ ఉన్నది అదే చెలకలో కిందికి, గట్టు వారన. రాళ్లకూ అవ్వకూ మధ్య ఒక ట్రాక్టరు తిరిగేంత జాగా ఉంది.

ఫోటోలు ప్రింటు తీయించి పంపుతున్నాను. నీకు చదువుకున్నవాళ్లు తెలుసు. వీటినేం చేయాలో అడిగి రాస్తావని,

నీ అన్న
ఫిలిప్


ఆదిలాబాద్
ఏప్రిల్ 25

ఫిలిపన్నకు,

ఉత్తరం అందింది. చించలేదు.

మా ఇంటి పై వాటాలో మమతారాణి గారని, కాలేజీలో చరిత్ర చెప్పే మేడం ఉంటారు. ఫోటోలు చూపించాను. ఆ కత్తి పట్టుకున్న మనిషి రాయిని వీరగల్లు అంటారట. కొట్లాటలో చనిపోయినవాడికి అతని వాళ్లు నిలబెట్టేది. కాళ్ల దగ్గర ఆవు ఉంది కాబట్టి, పశువులను తోలుకుపోవడానికి వచ్చినవాళ్లను అడ్డుకొని చనిపోయి ఉంటాడన్నారు. గాజుల చెయ్యి అతని వెంట మంటల్లోకి పోయిన భార్య గుర్తు. కాకతీయుల కాలానివో, ఆ తర్వాతివో కావచ్చు, కళ్లతో చూడకుండా చెప్పలేనన్నారు. నువ్వు వాటిని కదపకూడదు, కడగకూడదు. పురావస్తు శాఖకు ఆమే రాస్తానన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు అయిపోయింది. ఇక నా మాట.

ఎన్ని వందల ఏళ్ల కిందనో చచ్చిపోయినవాళ్లకు రాళ్లున్నాయి. మన అవ్వకు లేదు. ఒక సిలువ లేదు, పేరు రాసిన బండ లేదు. నేనే పెట్టిస్తానని మా ఆయనతో కబురు చేస్తే అదీ ఒద్దన్నావు. ఆ రోజు నా బస్సు జన్నారం దాటకముందే అంతా అయిపోయిందని ఫోన్ చేశావు. ఎండకు ఆగదన్నావు. నేను అవ్వ మొఖం చూడలేదు. వచ్చి చూస్తే తడి మట్టి కుప్ప ఉంది. పూడ్చడానికీ తొందరే నీకు, ఇప్పుడు తవ్వడానికీ తొందరే.

ఏంజెల్ బాగుంది.

ఆరాధన


ఇప్పలపల్లె
మే 10

చెల్లె ఆరాధనకు,

నీ ఉత్తరం చదివాను. నువ్వన్నదాంట్లో నేను కాదనేదేమీ లేదు.

రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాకపోతే ఊరివాళ్లు చూడటానికి వస్తున్నారు. గాజుల చెయ్యి అమ్మవారిదని ఎవరో అన్నారట, ఆడవాళ్లు పసుపూ కుంకుమా పెట్టిపోతున్నారు. నాకేం నష్టం, పెట్టుకోనీ అనుకున్నాను. బుచ్చిరాములు కాక కొడుకు అరుణ్ దుబాయి నుంచి వచ్చేశాడు, ఇక పోడట. వాడూ వాడి దోస్తులూ కలిసి ఎండ పడకుండా పైన టెంటు వేశారు. చిన్నప్పుడు మనింట్లో తిరిగినవాడే కదా, ఏమనగలను.

ఊళ్లో కొద్దిగా గోల ఉంది. ఫికరు చేయాల్సినంత కాదు.

నీతో ఒక పని. మంచిర్యాలలో మన సంఘంవాళ్ల సమాధుల తోటలో ఇంకా జాగా ఇస్తున్నారా? అక్కడి పాస్టరు గారు నీకు తెలుసు కదా, ఒక మాట అడిగి చూడు. ఎందుకని ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

మమతారాణి మేడం గారికి నా నమస్కారాలు చెప్పు. ఆ శాఖవాళ్లు ఎప్పుడొస్తారో తెలిస్తే తొందరగా రాయి.

ఏంజెల్‌కు ముద్దులతో,
ఫిలిప్


ఆదిలాబాద్
మే 17

అన్నా,

సమాధుల తోటలో జాగా ఎవరికి?

మూడేళ్ల కింద నేను బతిమాలాను. మంచిర్యాలకు తీసుకుపోదాం, అక్కడ మనవాళ్లందరూ ఉన్నారు, గోడ ఉంది, గేటు ఉంది అన్నాను. ఒద్దన్నది నువ్వే. మన ఊరి సమాధుల తోట ప్రాజెక్టు నీళ్లలో మునిగింది, బాపు సమాధి ఆ నీళ్ల కిందే పోయింది, అవ్వనన్నా నా కళ్ల ముందర పెట్టుకుంటానన్నావు. ఆ ఒక్క మాట విని నేను నోరు మూసుకున్నాను.

ఇప్పుడు పాస్టరు గారిని ఏమని అడగాలి? నీకు ఒంట్లో బాగాలేదా? లేక ఆ రాళ్ల వల్ల ఏమైనా వచ్చిందా? ఫికరు లేదని రాసేటప్పుడే నీకు ఫికరు ఉంటుంది. నేను నీ చెల్లెను, నాకు తెలుసు.

ఉన్నది ఉన్నట్టు రాయి. లేకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

ఆరాధన


ఇప్పలపల్లె
మే 30

చెల్లె,

నువ్వు రాకు. నేను రాసేదంతా చదివాక కూడా రాకు.

పోయిన నెల చివర్లో ఊరి పెద్దమనుషులు పిలిచారు. పోతే గ్రామ పంచాయతీ ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. నన్ను నిలబెట్టారు. అరుణ్ మాట్లాడాడు. అమ్మవారు తనంతట తాను బయటపడింది, అక్కడ గుడి కడతాం, జాగా ఇయ్యమన్నాడు. రాళ్లున్నంత మేర ఇస్తానన్నాను. నిజంగానే ఇద్దామనుకున్నాను. అప్పుడన్నాడు, "జాగ ఒక్కటే సాలదన్నా. అమ్మోరి పక్కన పీనుగు ఉండద్దు. కిష్టవ్వను వేరేకాడికి తీసుకపో." మన అవ్వను పీనుగు అన్నాడు. వాడికి చిన్నప్పుడు చికెన్ పాక్స్ వచ్చి కళ్లు తెరవలేకపోతే వేపాకు నీళ్లతో తుడిచింది ఆ పీనుగే.

బుచ్చిరాములు కాక అక్కడే కూర్చున్నాడు. నేల చూశాడు కానీ నోరు తెరవలేదు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే.

ఇది సర్కారు బాపుకిచ్చిన లావణి పట్టా భూమి కదా, ఇచ్చినవాళ్లు తిరిగి గుంజుకోవచ్చని కూడా ఒకరు గుర్తు చేశారు. ఆషాఢం బోనాలకల్లా అవ్వను తీయాలట. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

ఆ వారమే మోటరు తీగ ఎవరో కోసేశారు. నారు పోయడానికి కైకిలివాళ్లను పిలిస్తే ఒక్కరూ రాలేదు. తప్పించుకొని పోయేవాళ్లు కొందరు, మొఖం మీదే చెప్పినవాళ్లు కొందరు. నిన్న పొద్దున అవ్వ చుట్టూ నాలుగు గుంజలు పాతి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఎక్కడివరకు తవ్వాలో గుర్తు పెట్టినట్టు. పీకేశాను. అప్పటి నుంచి పగలంతా అక్కడే కూర్చుంటున్నాను. మీ వదిన అన్నం అక్కడికే తెస్తుంది. ఒకనాడు జేసీబీని పిలిచి ఆ రాళ్లను పిండి చేయిద్దామనిపించింది. ఫోన్ చేసి, డ్రైవరు ఎత్తాక పెట్టేశాను.

ఆరాధనా, నేను అలిసిపోయాను. తీసేద్దాం. నువ్వు మొదటి నుంచీ మంచిర్యాలే అన్నావు, ఆ మాటే నిజమవుతుంది. తహసీల్దారు ఆఫీసులో అడిగితే పూడ్చిన మనిషిని బయటికి తీయడానికి పిల్లలిద్దరి సంతకాలూ కావాలన్నారు. నాది నేను పెడతాను. నీది పంపు.

మీ వదినకు కూడా చెప్పకుండా రాస్తున్నాను.

ఫిలిప్


ఆదిలాబాద్
జూన్ 12

అన్నా,

సంతకం పెట్టను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పెడదామనే అనుకున్నాను. ఇప్పటికైనా గోడలోపల ఉంటుంది, పేరు రాయించుకోవచ్చు, ఇక్కడికి బస్సులో వచ్చి పూలు పెట్టుకోవచ్చు అనుకున్నాను. కాగితం మీద సంతకం కూడా చేశాను. పోస్టు చేయడానికి మరునాడు ఆసుపత్రికి డ్యూటీకి పోతూ సంచీలో పెట్టుకున్నాను.

ఆ రోజే మా వార్డులోకి బుచ్చిరాములు కాక బిడ్డ ప్రవళిక కాన్పుకు వచ్చింది. ఆమెను ఇచ్చింది ఆదిలాబాదే కదా. వెంట వాళ్లమ్మ, మన బాలలక్ష్మి చిన్నమ్మ. నన్ను చూసి మొదట మొఖం తిప్పుకుంది. నేనూ పని పనిలాగే చేశాను. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ అయింది, తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల. ఆ పిల్లను తుడిచి గుడ్డలో చుట్టి చిన్నమ్మ చేతిలో పెడితే, ఆమె పిల్లను చూడకుండా నన్నే చూసి ఏడ్చింది. కాన్పుల వార్డులో ఏడుపు మామూలే అనుకొని నేను వెళ్లబోతే చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వొచ్చేదాంక ఆగలేదని మీ అన్న మీద కోపం పెట్టుకున్నవట. ఆడు ఆగుదమనే అన్నడు. మావోళ్లే ఆగనియ్యలే. గా ముచ్చట మా అరుగు మీదనే అయ్యింది. నేనే అందరికి చాయ పోసిన."

అంతా చెప్పింది. పొలంలో పెడతానంటే పెద్దమనుషులు ఒప్పుకోలేదని. బుచ్చిరాములు కాక బతిమాలితే చివరకు మూడు షరతులు పెట్టారని. పొద్దు గూకకముందే ముగించాలి. సిలువ గానీ సిమెంటు గానీ ఏ గుర్తూ ఉండకూడదు. ఏటా పాటలూ ప్రార్థనలూ అని జనాన్ని తేకూడదు. నువ్వు అన్నిటికీ తల ఊపి, ఒక్క గంట ఆగండి, మా చెల్లె దారిలో ఉంది అని అడిగావట. కాళ్లు పట్టుకోబోయావట.

నాకు మాత్రం ఎండ అని చెప్పావు.

అన్నా, మూడేళ్లు. నీ పేరు ఎత్తితే ఏంజెల్‌ను కూడా కసిరేదాన్ని. అవ్వకు ఒక బండ పెట్టించలేని పిసినారి అని మా అత్తగారింట్లో అందరి ముందూ అన్నాను. నువ్వు ఎందుకు చెప్పలేదు?

ఫోన్ చేయకు. నా గొంతు వింటే నువ్వు మళ్లీ ఏమీ లేదంటావు. కాగితం మీదే చెప్పు, కాగితం మీద నీకు అబద్ధం సరిగ్గా రాదు.

సంతకం చేసిన కాగితం చించేశాను. అవ్వను కదపడానికి వీల్లేదు. పురావస్తు శాఖ ఆఫీసరు ఇరవై తారీఖు తర్వాత వస్తున్నారని మమతారాణి మేడం చెప్పారు. ఆయన వచ్చిన రోజు తహసీల్దారు ఆఫీసు మనిషి కూడా ఉండాలని, నేను సంతకం పెట్టనని రాసి, రిజిస్టర్ పోస్టులో వాళ్లకు పంపాను. అప్పటివరకు నువ్వు ఎవరికీ ఏ మాటా ఇయ్యకు.

నీ చెల్లె
ఆరాధన


ఇప్పలపల్లె
జూన్ 24

చెల్లె ఆరాధనకు,

ఆఫీసరు నిన్న వచ్చిపోయాడు. ఒకటొకటిగా రాస్తాను.

చెలక నిండా జనం. ముప్పై ఏళ్లు కూడా లేని పిల్లవాడు, ఆఫీసరంటే ఎవరూ నమ్మలేదు. మోకాళ్ల మీద కూర్చొని బ్రష్షుతో రాళ్ల మీది పసుపు దులిపి, కొలతలు తీసి, ఫోటోలు పట్టాడు. అరుణ్ వెనకే నిలబడి, అమ్మవారు ఎన్నేళ్లదో చెప్పమని అడిగాడు. ఇవి చనిపోయిన మనుషుల జ్ఞాపకానికి పెట్టినవని, సుమారు ఏడు వందల ఏళ్ల కిందటివని, మన జిల్లాల్లో చాలాచోట్ల ఉన్నాయని అతను నెమ్మదిగానే చెప్పాడు. మొక్కుకుంటే తప్పు లేదు, కానీ పసుపు పూస్తే రాయి చెడిపోతుంది, చుట్టూ ఏ కట్టడమూ కట్టకూడదు అన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మనుషులవైతే మనుషులవే, ఇన్నేళ్లకు దేవతలైనట్టే గదా అని ఎవరో ముసలామె అంది. ఆ మాట నాకూ సబబే అనిపించింది.

అరుణ్ మాత్రం తహసీల్దారు ఆఫీసు మనిషి వైపు తిరిగాడు. రాళ్ల సంగతి తర్వాత, ముందు బొంద తీయించమన్నాడు. అతను కాగితాలు తిప్పి, కుటుంబంలో ఒకరు ఒప్పుకోలేదు, అలా అయితే తీయడానికి వీల్లేదన్నాడు. అరుణ్ నా మీదికి వచ్చాడు. చెల్లెకు నేనే ఎక్కించానన్నాడు. వాడి వెంట ఇంకో పదిమంది కదిలారు. నా వెనక మీ వదిన ఒక్కతే ఉంది. ఆమె చేతిలో అన్నం గిన్నె ఉంది, ఇంకేం లేదు. వీళ్లిప్పుడే తవ్వేస్తారు అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

అప్పుడు బుచ్చిరాములు కాక జనంలోంచి వచ్చి అవ్వకూ వాళ్లకూ మధ్య నిలబడ్డాడు. ఆయన గొంతు పెద్దది కాదు, నీకు తెలుసు. వినడానికి అందరూ ఆగాల్సి వచ్చింది.

"గా దినం ఊరి తరఫున మాటిచ్చింది నేను. గుర్తు పెట్టడు, సిలువ పెట్టడు అని. ఫిలిప్ గా మాట మీద ఉన్నడు, మనమే లేము. గీ బొంద తవ్వింది సుత నేనే. ఇప్పుడు తీయాల్నంటే గడ్డపార నాకియ్యుండ్రి. ముందుగాల గీ కత్తి పట్టుకున్నాయన్ను తీస్త, ఆయన పెండ్లాన్ని తీస్త, అటెన్క కిష్టవ్వను తీస్త. అందరు పీనుగులే గదా."

అరుణ్ ఆయన భుజం పట్టుకొని ఇంటికి నడువు బాపూ అన్నాడు. కాక ఆ చెయ్యి తీసేసి అవ్వ పక్కన నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి బాలలక్ష్మి చిన్నమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆదిలాబాద్ నుంచి ముందురోజే దిగిందట. ఆమె కూర్చున్నాక మన వాడకట్టు నుంచి ఇద్దరు, ఊరివాళ్ల వైపు నుంచి ఒక ఆడామె. గొడ్డళ్లూ కర్రలూ లేవు, అరుపులు లేవు. కూర్చున్నారు, అంతే. తక్కినవాళ్లు కొంతసేపు నిలబడి, ఒక్కొక్కరే చెలక దిగిపోయారు. అరుణ్ అందరికన్నా చివర పోయాడు. పోతూ టెంటు గుంజ ఒకదాన్ని కాలితో తన్నాడు.

ఇక నువ్వు అడిగినది. ఎందుకు చెప్పలేదని. చెబితే నువ్వు మళ్లీ ఊరికి రావని భయపడ్డాను. నా మీద కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఊరి మీద కోపమైతే పోదు. నేను ఇక్కడే బతకాలి కదా, నువ్వు ఎప్పటికైనా రావాలి కదా.

కైకిలివాళ్లు ఇంకా రావడం లేదు. లక్సెట్టిపేట సంఘంవాళ్లు వచ్చి నాట్లు వేస్తామన్నారు. కింది మడి వరకే వేస్తాను, మిగతాది ఈ ఏడు బీడే.

ఫిలిప్


ఆదిలాబాద్
జూలై 2

అన్నా,

నీ ఉత్తరాన్ని ఏంజెల్‌కు చదివి వినిపించాను. కొన్నిచోట్ల నేను ఆగిపోతే తనే చదివింది.

వాళ్లు మాట తప్పారు. ఇక నువ్వు ఇచ్చిన మాట కూడా తీరిపోయింది. అవ్వకు రాయి పెడదాం. పెద్దమనుషులను అడగకు. వాళ్లకు చెప్పు. అడగడం వేరు, చెప్పడం వేరు.

ఈ నెల చివర్లో సెలవు పెడుతున్నాను. ఆయనా ఏంజెల్ కూడా వస్తారు. నీకు భయంగా ఉంటే ఉందని రాయి. నాకూ ఉంది.

ఆరాధన


ఇప్పలపల్లె
జూలై 14

చెల్లె,

భయంగా ఉంది. అయినా పోయి చెప్పాను. పాత సర్పంచ్ ఇంటి ముందు నలుగురు ఉన్నారు. మా అవ్వకు రాయి పెడుతున్నాను, నడుమెత్తు మించదు, ఎవరి దారికీ అడ్డం రాదు అన్నాను. ఒకాయన అరుణ్‌కు తెలుసా అని అడిగాడు. తెలుస్తుంది అన్నాను. వాళ్లు అవునని అనలేదు, కాదనీ అనలేదు. చాయ మాత్రం ఇచ్చారు. తాగి వచ్చాను.

రాయి పెద్దపల్లిలో చెప్పించాను. సిలువ చెక్కి కింద పేరు రాస్తాడు. ఏ పేరు రాయాలో నువ్వు చెప్పాలి. బాప్తిస్మం పుస్తకంలో క్రిస్టీనా అని ఉంది, కానీ ఆ పేరుతో అవ్వను ఎవరూ పిలవలేదు, బాపు కూడా. నాకు కిష్టవ్వ అనే రాయించాలని ఉంది.

ఇంకోటి. బాపు సమాధి నీళ్ల కిందుంది కదా. బాపు పేరు కూడా ఈ రాయి మీదే రాయిద్దామా? సాల్మన్, కిష్టవ్వ అని. మనిషి అక్కడ లేకపోయినా పేరుండటం తప్పు కాదేమో. ఆ కత్తి పట్టుకున్నాయన ఎవరో పేరు లేక ఎవరికీ తెలియలేదు. ఆఫీసరును అడిగితే రాయి మీద అక్షరం లేదు, ఇక తెలిసే దారి లేదన్నాడు. అప్పటి నుంచి ఇదే ఆలోచన.

వానలు బాగా పడుతున్నాయి. జాగ్రత్తగా చూసుకొని బయలుదేరు.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
ఫిలిప్


ఆదిలాబాద్
ఆగస్టు 5

అన్నకు,

క్షేమంగా చేరాం. ఏంజెల్ బస్సంతా నిద్రపోయింది.

అవ్వ రాయి పెట్టడానికి వచ్చినప్పుడు నీ ముందర చెప్పలేకపోయిన మాటలు రెండున్నాయి. ఖానాపూర్ దాటాక రోడ్డు మీది నుంచి వాగు పారుతోందని బస్సు ఆపేసినప్పుడు నేను నీకు ఫోన్ చేసి, పాస్టరు గారికి వేరే పని ఉంటుంది, మీరు కానియ్యండి అన్నాను గుర్తుందా. నువ్వు, "నీళ్లు తగ్గినంక రా. గప్పటిదాంక రాయి ట్రాక్టరు మీదనే ఉంటది" అన్నావు. తెల్లారి నేను వచ్చేసరికి రాయి ట్రాక్టరు మీదే ఉంది. పాస్టరు గారు మీ మంచం మీద కూర్చొని టిఫిన్ చేస్తున్నారు. ఆయన ముందు నేను ఏడవకూడదని దొడ్డిలోకి వెళ్లి మొఖం కడుక్కున్నాను.

సాల్మన్, కిష్టవ్వ అని రాసిన ఆ రాయి దించేటప్పుడు బుచ్చిరాములు కాక తాడు పట్టాడు, మా ఆయన పట్టాడు, సర్పంచ్ తమ్ముడు కూడా వచ్చి పట్టాడు. మిగతా ఊరు రాలేదు. అరుణ్ దూరంగా గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయాడు. నువ్వు వాడి వైపు చూడకుండా మట్టి తొక్కుతూనే ఉన్నావు. నేను చూశాను.

రెండోది నీకు తెలియదు. తిరిగి ఇక్కడికి బయలుదేరిన రోజు మేం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. నువ్వు మోటరు ఆపాలని వెనక్కి వెళ్లావు. అప్పుడు అరుణ్ బండి మీద వచ్చి ఆగాడు. మా ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాడు బండి దిగలేదు. హెల్మెట్ తీసి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నాడు. ప్రవళిక బిడ్డ బాగుందని చెప్పాడు. బాగుండటం మంచిదే అన్నాను. హెల్మెట్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను.

"మా బాపు నాతోని మాట్లాడుతలేడు అక్కా" అన్నాడు. "గా దినం కెల్లి ఒక్క మాట లేదు. బువ్వ సుత నేను లేసిపోయినంకనే తింటుండు. నువ్వు చెప్తె వింటడు."

అవ్వను వాడు పీనుగన్న మాట నా చెవుల్లో ఉంది, నా చెవులతో వినకపోయినా ఉంది. నీ మోటరు తీగ, ఆ నాలుగు గుంజలు, బీడు పడ్డ చెలక, అన్నీ కళ్ల ముందున్నాయి. నువ్వు చేసిందానికి ఇదే తగిన శిక్ష అందామని నోటి దాకా వచ్చింది. బస్సు మూలమలుపు తిరిగింది.

"నేను చెప్ప అరుణ్" అన్నాను. "నువ్వే పోయి మాట్లాడు. ఆయన ఉలకకపోయినా మాట్లాడు. ఇయ్యాల్నే పో."

వాడు తల ఊపాడో లేదో చూడలేదు. నేను ఏంజెల్‌ను ఎక్కించే పనిలో ఉన్నాను. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే బండి ఊరివైపు తిరిగి ఉంది. తన ఇంటికే పోయాడో, వేరే ఎక్కడికో, నాకు తెలియదు. వాడి మీద కోపం కూడా పోలేదు, నీతో అబద్ధం చెప్పను.

ఏంజెల్ నీకు వేరే కాగితం మీద బొమ్మ వేసింది. అవ్వ రాయి, పక్కన ఆ మూడు రాళ్లు, వాటి నడుమ కూర్చున్నది తనేనట.

చీకటి పడకముందే ఇంటికి చేరుకుంటూ ఉండు అన్నా. ఇక నువ్వు కాపలా కాయాల్సిన పని లేదు.

నీ చెల్లె
ఆరాధన